మీ ఆలోచన ఎప్పుడు పుట్టింది, ఎలా మారింది? పాత నోటు పుస్తకాల్లో జాడ తీసే పద్ధతి

“పదేళ్ల డైరీలు పెట్టె నిండా ఉన్నాయి. ఇప్పుడు నేను గట్టిగా నమ్మే ఒక అభిప్రాయం నాకు ఎప్పుడు, ఎలా కలిగిందో వాటిలోంచి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ప్రశ్న పరిశోధన చేసేవారు అడుగుతారు, కథలు రాసేవారు అడుగుతారు, పాఠాలు చెప్పేవారు అడుగుతారు. ఇంట్లో పెద్దవారి నోటు పుస్తకాలు చేతికి వచ్చినవారూ అడుగుతారు. ఎవరికి చెప్పినా చెప్పవలసింది దాదాపు ఒకటే కాబట్టి వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఒక్క సంగతి మాత్రం ముందే తెలియాలి: జ్ఞాపకం మన ఆలోచనల చరిత్రను చదును చేసి చెబుతుంది. చార్లెస్ డార్విన్ 1876లో రాసుకున్న ఆత్మకథలో, జనాభా మీద మాల్థస్ రాసిన గ్రంథాన్ని 1838 అక్టోబరులో కాలక్షేపానికి చదివానని, దానితో తనకు పని నడిపించగల సిద్ధాంతం దొరికిందని చెప్పారు. ఆయన నోటు పుస్తకంలో ఆ గ్రంథం ప్రస్తావన 1838 సెప్టెంబరు 28 తేదీ కింద ఉంది. తేదీల్లో తేడా చిన్నదే. అసలు తేడా, ఆ పుటల్లో ‘దొరికింది’ అన్న కేక ఎక్కడా వినిపించదు. తర్వాతి పుటల్లో వేరే సంగతులు యథాప్రకారం సాగిపోతాయి. జీవజాతులు మారతాయన్న ఆలోచన మీద ఆయన 1837 జూలై నుంచే ప్రత్యేకంగా నోటు పుస్తకం నడుపుతున్నారు. అందులో 36వ పుటలో కొమ్మలుగా చీలిన చెట్టు బొమ్మ కూడా గీశారు. ఆత్మకథ చెప్పే కథలో ఒక మలుపు ఉంటే, పుస్తకాలు చూపే దారిలో ఎన్నో మలుపులు ఉన్నాయి.

ఇది డార్విన్ ఒక్కరికే జరిగేది కాదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు వెళ్లే ముందు, అక్కడ ఏయే సంఘటనలు జరగవచ్చో అంచనా వేయమని ఇద్దరు పరిశోధకులు కొందరిని అడిగారు. పర్యటనలు ముగిశాక, అప్పట్లో మీరు వేసిన అంచనాలను గుర్తు తెచ్చుకోమన్నారు. జరిగాయని తెలిసిన సంఘటనల విషయంలో, ‘ఇది జరుగుతుందని ముందే గట్టిగా అన్నాను’ అని గుర్తు చేసుకునే వైపు వాళ్లు మొగ్గారు. ఫిష్‌హాఫ్, బేత్ అనే మనస్తత్వ పరిశోధకులు 1975లో ప్రచురించిన అధ్యయనం ఇది. జ్ఞాపకాన్ని పక్కన పెట్టి కాగితాన్ని అడగమని చెప్పేది ఇందుకే. కాగితం కూడా అన్నీ చెప్పదు. ఆ సంగతి కింద వస్తుంది.

కావలసినవి

- నోటు పుస్తకాలు, డైరీలు. వాటితోపాటు ఫోనులోని నోట్స్, మీకు మీరే పంపుకున్న సందేశాలు, చదివిన పుస్తకాల అంచుల్లో రాసుకున్న వ్యాఖ్యలు, ఈమెయిళ్లు, ఉత్తరాలు, క్యాలెండర్. ఆలోచన ఎక్కువసార్లు డైరీలో కాదు, స్నేహితులకు రాసిన ఉత్తరంలోనే మొదట కనిపిస్తుంది.
- ఒకే కొలతలో కత్తిరించిన చీటీలు. కంప్యూటర్ అలవాటు ఉంటే ఒక పట్టిక చాలు.
- మెత్తని పెన్సిల్. పాత పుటల దగ్గరికి పెన్ను తీసుకురావద్దు.
- ఫోను కెమెరా.
- అంటించి మూసేయడానికి ఒక కవరు.

ఒక్క ఆలోచనకు ఒక్క సాయంత్రం సరిపోదు. నాలుగైదు విడతలు కూర్చోవలసి వస్తుందనుకోండి. మధ్యలో రోజుల విరామం వచ్చినా నష్టం లేదు, మేలే.

1. వెతకబోయేదాన్ని ఒక వాక్యంగా రాయండి

‘విద్య’, ‘కుటుంబం’, ‘కవిత్వం’ అన్నవి ఆలోచనలు కావు, విషయాలు. వాటి జాడ తీయబోతే ప్రతి పుటా పనికొచ్చేదిగానే కనిపిస్తుంది, చివరికి చేతికి ఏమీ మిగలదు. ఎవరైనా కాదనగల వాక్యంగా రాయండి. ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణతో నడుద్దాం. ఒక ఉపాధ్యాయిని ఉన్నారనుకుందాం. ఇప్పుడు ఆవిడ నమ్మేది ఇది: “విద్యార్థి రాసిన వ్యాసాన్ని నేను దిద్దే ముందు, దాన్ని ఆ విద్యార్థి చేతే పైకి చదివించాలి.” దీన్ని ఒప్పుకోనివారు ఉంటారు. ఒకప్పుడు ఆవిడే ఒప్పుకొని ఉండరు. జాడ తీయడానికి పనికొచ్చే వాక్యం అదే.

2. పుస్తకాలు తెరవకముందే, గుర్తున్నంత రాసి కవరులో పెట్టి అంటించండి

ఈ అడుగు దాటవేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటవేయవద్దు. ఈ ఆలోచన ఎప్పుడు వచ్చింది, ఎవరి వల్ల, ఏ పుస్తకం వల్ల, మొదట దాన్ని ఎలా అనుకున్నారు, ఎవరు కాదన్నారు: గుర్తున్నది గుర్తున్నట్టు ఒక పుటలో రాయండి. ఈరోజు తేదీ వేయండి. కవరులో పెట్టి మూసేయండి. ఒక్క పాత పుట చూసినా చాలు, మీ జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ తర్వాత రాస్తే అది జ్ఞాపకం కాదు, చదివినదాని సారాంశం.

మన ఉపాధ్యాయిని ఇలా రాశారనుకోండి: “2019లో బోధన మీద ఒక పుస్తకం చదివాను. అందులోని మాట నచ్చి, మా తరగతిలో అమలు చేశాను.” కవరు మూశారు.

3. అన్నీ ఒకచోట చేర్చి నంబర్లు వేయండి

పుస్తకాలకు 1, 2, 3 అని వరుసగా నంబర్లు వేయండి. అట్ట మీద రాయకుండా చిన్న చీటీ మీద రాసి లోపల పెట్టండి. పుటలకు నంబర్లు లేకపోతే పై మూలన పెన్సిల్‌తో సన్నగా వేయండి. ఖాళీ పుటకూ నంబరు వేయాలి. లేకపోతే రేపు అక్కడ ఏదైనా పుట చినిగి పోయిందా, మొదటి నుంచీ ఖాళీగానే ఉందా అన్నది తేలదు.

చినిగిన పుట అంచులు కుట్టు దగ్గర మిగిలి ఉంటే లెక్కపెట్టి రాసుకోండి. డార్విన్ తన నోటు పుస్తకాల నుంచి తనకు పనికొచ్చే పుటలను కోసి తీసి, వేరే కట్టల్లో పెట్టుకునేవారు. ఆ పుటలను వెతికి తిరిగి వాటి స్థానాల్లో చేర్చడం తర్వాతి పండితులకు పెద్ద పని అయింది. మీరూ అలా చించి ఏ ఫైల్లోనో పెట్టి ఉండవచ్చు. ముఖ్యమైన పుటలే చినుగుతాయి!

4. తేదీలు తేల్చండి

పని మొత్తంలో ఓపిక కావలసింది ఇక్కడే. తేదీ తప్పితే కథంతా తప్పుతుంది. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ప్రతి రాతకూ మూడు రకాల్లో ఒక గుర్తు పెట్టండి: ‘ఖాయం’ (రాసినవారే తేదీ వేశారు), ‘ఆధారం ఉంది’ (లోపలి సంగతులను బట్టి తేలుతుంది), ‘ఊహ’. తేదీ లేని రాతకు ఒక్క తేదీ కనిపెట్టే ప్రయత్నం చేయవద్దు. ‘దీనికి ముందు కాదు’, ‘దీనికి తర్వాత కాదు’ అని రెండు హద్దులు రాయండి. పుటలో ఒక పుస్తకం పేరు ఉంటే, ఆ ముద్రణ వెలువడక ముందు ఆ రాత సాధ్యం కాదు. ‘అక్క పెళ్లికి ఇంకా పది రోజులే’ అని ఉంటే ఇక వెతకనవసరమే లేదు.

మోసపోయే చోట్లు ఇవి:

*పాత సంవత్సరపు డైరీ.* మిగిలిపోయిన డైరీని మరుసటి ఏడాదో, ఆపై ఏడాదో నోటు పుస్తకంగా వాడుకోవడం మామూలే. అచ్చులో ఉన్న తేదీ రాసిన తేదీ కాదు. రాతలో ‘ఈరోజు ఆదివారం’ అని ఉండి, ఆ పుట మీద అచ్చులో బుధవారం అని ఉంటే సంగతి బయటపడినట్టే.

*రెండు వైపుల నుంచి రాసిన పుస్తకం.* ముందు నుంచి డైరీ, వెనక నుంచి ఖర్చుల లెక్కలు. మధ్యలో రెండూ కలిసే చోట వరుస తారుమారవుతుంది. ఖాళీ వదిలిన ఎడమ పుటలు ఏళ్ల తర్వాత నిండి ఉండవచ్చు.

*తర్వాత చేర్చిన వాక్యాలు.* సిరా రంగు, పెన్ను మందం, వరుసల మధ్య ఇరుకు చూడండి. అంచులో ఉన్న వ్యాఖ్యను అసలు రాతతో కలిపి ఒకే తేదీ కింద రాయవద్దు. దానికి వేరే చీటీ. పాత పుట పక్కన ‘ఇది తప్పు’ అని తర్వాత రాసుకున్న రెండు మాటలే మీరు వెతుకుతున్న మలుపు కావచ్చు.

*అంకెల తేదీ.* 4-5-16 అంటే మే 4, ఏప్రిల్ 5 రెండూ కావచ్చు. అదే పుస్తకంలో 12 దాటిన అంకె ఉన్న తేదీ ఒకటి వెతకండి. రాసినవారి అలవాటు ఏదో తెలుస్తుంది.

*కంప్యూటర్ ఫైళ్లు.* ఫైలును వేరే కంప్యూటర్‌లోకి నకలు చేస్తే ‘సృష్టించిన తేదీ’ సాధారణంగా నకలు చేసిన రోజుకు మారిపోతుంది. సృష్టించిన తేదీ, సవరించిన తేదీకంటే తర్వాతదిగా కనిపిస్తే అది నకలు అయిన ఫైలే. అప్పుడు సవరించిన తేదీని ‘ఆధారం’గా తీసుకోండి, ‘ఖాయం’గా కాదు. ఒక్క అక్షరం మార్చి భద్రపరిచినా ఆ తేదీ మారుతుంది. అందుకే పాత ఫైళ్లను తెరిచే ముందు మొత్తం ఫోల్డరుకు ఒక నకలు తీసి, నకలు మీదే పనిచేయండి. సందేశాల యాప్‌ల ద్వారా వచ్చిన ఫొటోల్లో తీసిన తేదీ వివరం తరచుగా చెరిగిపోతుంది. అసలు ఫొటో ఉంటే దాన్నే చూడండి.

తేదీలు ఒక్కటీ లేని విడి కాగితాలే ఉన్నా నిరాశ వద్దు. బెథోవెన్ స్వరాలు గీసుకున్న పుస్తకాలు ఆయన మరణించాక విడిపోయి, పుటలు పుటలుగా చేతులు మారాయి. కాగితంలోని నీటిగుర్తులు (వాటర్‌మార్కులు), ఎదురు పుట మీద అంటిన సిరా మరకలు, కుట్టు రంధ్రాలు సరిపోల్చి, ఏ పుట పక్కన ఏది ఉండేదో పండితులు చాలావరకు తేల్చారు. మీ దగ్గరి కాగితాల మీద కూడా మడతలు, మరకలు, పిన్ను గుచ్చిన గుర్తులు ఉంటాయి.

5. మొదటి నుంచి ముందుకు చదవండి, ఏరుకుంటూ వెళ్లండి

ఇప్పుడు నమ్ముతున్నదాన్ని మనసులో పెట్టుకొని వెనక్కి వెతుక్కుంటూ పోతే అన్నీ దానికి దారితీసినట్టే కనిపిస్తాయి. తేదీల వరుసలో, మొదటి పుస్తకం నుంచి చదవండి. ‘ఈ ఏడాది ఏమీ ఉండదులే’ అని పుస్తకాన్ని పక్కన పెట్టవద్దు. అలా అనుకున్నది కూడా జ్ఞాపకమే.

సంబంధం ఉందనిపించిన ప్రతి రాతకూ ఒక చీటీ. చీటీలో ఉండవలసినవి: పుస్తకం నంబరు, పుట, తేదీ (ఏ రకమో కూడా), రాసినవారి మాటలు యథాతథంగా, అది ఏ రకం రాత (ప్రశ్న, ఫిర్యాదు, గమనిక, నిర్ణయం, అనుమానం, ఎత్తి రాసుకున్నది), మాట సొంతమా వేరొకరిదా. ఒక చీటీ ఇలా ఉంటుంది:

“పుస్తకం 4, పుట 31. 2017 ఆగస్టు 9, ఖాయం. ‘ఈరోజు దిద్దడానికి సమయం లేక, లేచి పైకి చదవమన్నాను. మూడో వాక్యం దగ్గర తనే ఆగిపోయింది. ఏదో తేడాగా ఉంది టీచర్ అంది.’ గమనిక. సొంత మాట.”

మీ మాటల్లోకి మార్చి రాయవద్దని ఎందుకంటున్నానంటే, మార్చే క్షణంలో ఇప్పటి ఆలోచన అందులోకి జొరబడుతుంది. ఆ పుటలో ‘పైకి చదివించడం మంచి పద్ధతి’ అని లేదు. సమయం లేకపోవడం ఉంది, ఒక అమ్మాయి ఆగిపోవడం ఉంది. అంతవరకే ఎత్తి రాయండి. అక్షర దోషం ఉన్నా అలాగే ఉంచండి.

సందేహం ఉంటే చీటీ రాసేయండి. తీసేయడం తర్వాత తేలిక. మళ్లీ వెతకడం కష్టం.

6. ఆలోచనకు ఉన్న మారుపేర్లు పట్టుకోండి

కొత్త ఆలోచనకు మొదట్లో పేరు ఉండదు. ఇప్పటి పేరుతో వెతికితే మీకు దొరికేది దానికి పేరు పెట్టిన రోజు మాత్రమే, అది పుట్టిన రోజు కాదు. మొదటి రెండు పుస్తకాలు చదివాక ఒక మాటల జాబితా తయారుచేసుకోండి. మన ఉదాహరణలో: దిద్దడం, ఎర్ర సిరా, తప్పులు, పైకి చదవడం, వినిపించడం, సొంతంగా పట్టుకోవడం. చదువుతున్న కొద్దీ జాబితా పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా పాత పుటలకు తిరిగి వెళ్లాలి. విసుగే, కానీ తప్పదు.

కంప్యూటర్‌లో తెలుగు వెతికేటప్పుడు మాట మొత్తం కొట్టవద్దు. తెలుగు మాట చివర మారిపోతూ ఉంటుంది కాబట్టి ‘దిద్ద’ అని కొడితే దిద్దడం, దిద్దాను, దిద్దుతూ అన్నీ చిక్కుతాయి. ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో రాసుకున్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. హోంవర్క్, హోమ్‌వర్క్, హోంవర్కు మూడూ విడివిడిగా వెతకాలి. పొల్లు తర్వాత కంటికి కనబడని విభజన గుర్తు ఉన్న మాట, అది లేని మాట కొన్ని ప్రోగ్రాములకు వేరువేరు. కాబట్టి పొల్లు దాకా ఉన్న ముక్కతోనే వెతకండి. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే అలవాటు ఒకప్పుడు మీకు ఉంటే, ఆ రోజుల సందేశాలను ఆ అక్షరాలతోనే వెతకాలి. ఇక చేతిరాత ఫొటోల నుంచి యంత్రం తీసి ఇచ్చే పాఠం మీద పూర్తిగా ఆధారపడవద్దు. ఆ పాఠంలో మాట దొరకకపోతే పుటలో లేదని అర్థం కాదు. కళ్లతో చదవవలసిందే.

7. చీటీలు పరిచి మలుపులు గుర్తించండి

నేల మీదో, పెద్ద బల్ల మీదో తేదీ వరుసలో పరచండి. పక్కపక్కన ఉన్న రెండు చీటీల మధ్య ఏం మారింది అని అడగండి. ఆలోచన గట్టిపడిందా? హద్దు కుదించుకుందా? పేరు మారిందా? వేరే ఆలోచనతో కలిసిందా? తిరగబడిందా? కొన్నాళ్లు మాయమై మళ్లీ వచ్చిందా? మన ఉపాధ్యాయిని చీటీలు ఇలా వచ్చాయనుకోండి:

2016 మార్చి: “ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చిన కాగితాలు ఎవరూ రెండోసారి చూడటం లేదు.” ఫిర్యాదు.

2017 ఆగస్టు: పైన చూసిన గమనిక.

2017 నవంబరు: “మళ్లీ చదివించాను. ఇద్దరు పట్టుకున్నారు, మిగతావాళ్లు గబగబా చదివేసి కూర్చున్నారు.” గమనిక.

2019 జూన్: బోధన పుస్తకం నుంచి ఎత్తి రాసుకున్న పేరా. పక్కన “అవును, సరిగ్గా ఇదే” అని సొంత మాట.

2019 జూలై: “ఇక దిద్దడం పూర్తిగా మానేస్తాను.” నిర్ణయం.

2020 జనవరి: “పైకి చదివితే వాక్య దోషం తెలుస్తుంది. అక్షర దోషం చెవికి తెలియదు. దిద్దాలి, కానీ తర్వాత.” హద్దు కుదించుకుంది.

కథ మారిపోయింది చూశారా! పుస్తకం విత్తనం వేయలేదు. అప్పటికే రెండేళ్లుగా చూస్తున్నదానికి ధైర్యం ఇచ్చింది. ‘అవును, సరిగ్గా ఇదే’ అన్న మాట అంతకు ముందే తెలిసినవారు అనే మాట. మరో సంగతి, మధ్యలో ఒక అతి నిర్ణయం ఉంది, జ్ఞాపకం దాన్ని పూర్తిగా మింగేసింది. ఇలాంటి అతి, ఆ తర్వాతి సర్దుబాటు దాదాపు ప్రతి జాడలోనూ ఉంటాయి. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే విలువైనవిగా తోచే చీటీలు అవే. ఇప్పటి ఆలోచనలోని ‘కానీ’, ‘తర్వాత’ వంటి మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో అవి చెబుతాయి.

రెండు చీటీల మధ్య గీత గీయాలంటే ఆధారం ఉండాలి. రెండోదాంట్లో మొదటిదాని ప్రస్తావనో, అదే మాటో, అదే సంఘటనో కనబడాలి. ముందు వచ్చింది కాబట్టి కారణం అనుకుంటే చుక్కల గీత మాత్రమే వేయండి.

8. ఖాళీలను ఖాళీలుగానే రాయండి

2018 అంతా ఒక్క చీటీ లేదు. ఆవిడ ఆలోచించలేదా? ఆ ఏడాది డైరీయే రాయలేదా? డైరీ ఉంది కానీ ఇంట్లో అనారోగ్యం గురించే ఉందా? మూడింటికీ అర్థాలు వేరు. ముందుగా ఆ కాలంలో మొత్తం ఎన్ని పుటలు రాశారో చూడండి. పుటలే లేకపోతే ‘రాతలు లేవు’ అని రాయాలి, ‘ఆలోచన లేదు’ అని కాదు.

కొన్ని పుస్తకాలు స్వభావరీత్యా దారిని చూపించవు, గమ్యాన్నే చూపిస్తాయి. శ్రీనివాస రామానుజన్ కాగితం ఖరీదుకు జంకి పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపేసి, ఫలితాన్ని మాత్రం నోటు పుస్తకంలోకి ఎక్కించేవారు. ఫలితాలు వేలల్లో ఉన్నాయి, దారి పలక మీదే పోయింది. వాటికి నిరూపణలు సమకూర్చుతూ బ్రూస్ బర్న్‌ట్ వెలువరించిన ఐదు సంపుటాలు 1985 నుంచి 1998 దాకా వచ్చాయి. మీ పుస్తకం శుభ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంటే అది సాఫు ప్రతి కావచ్చు. చిత్తు కాగితాలు ఎక్కడున్నాయో వెతకండి.

9. కవరు తెరవండి

ఇప్పుడు చీటీల ఆధారంగా ఒకటి రెండు పుటల కథనం రాయండి. ప్రతి వాక్యం చివర పుస్తకం నంబరు, పుట నంబరు వేయండి. నంబరు వేయలేని వాక్యాన్ని ‘నా ఊహ’ అని మొదలుపెట్టండి. తర్వాత కవరు తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. తేడాలను మూడు రకాలుగా రాసుకోండి: జ్ఞాపకం మరిచిపోయినవి, తేదీ మార్చినవి, ఇతరుల ఖాతాలో వేసినవి లేదా ఇతరులవి మీ ఖాతాలో వేసుకున్నవి. మూడోది నొప్పిగా ఉంటుంది. అయినా రాయండి.

జ్ఞాపకంలో ఉండి కాగితంలో లేనివన్నీ అబద్ధాలు అనుకోవద్దు. టీ తాగుతూ ఎవరో అన్న మాట డైరీకి ఎక్కకపోవచ్చు. అలాంటివాటిని ‘జ్ఞాపకం మాత్రమే’ అని గుర్తు పెట్టి కథనంలో ఉంచవచ్చు.

ఎక్కువమంది చేసే తప్పులు

ప్రతి పాత రాతలోనూ విత్తనం చూడటం మొదటిది. 2016 నాటి ఫిర్యాదు ఫిర్యాదే. అందులో పరిష్కారం లేదు. డార్విన్ 1835లో గాలాపగోస్ దీవుల్లో ఉండగానే ఫించ్ పిట్టల ముక్కులు చూసి పరిణామవాదం కనిపెట్టారన్న కథ అందరికీ ఇష్టం. కానీ అప్పుడు ఆయన ఆ పిట్టల్లో ఏది ఏ దీవిదో చాలావరకు రాసి పెట్టుకోలేదు. అవి దగ్గరి సంబంధమున్న వేరువేరు జాతులని 1837లో లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త తేల్చి చెప్పాకే వాటి విలువ తెలిసింది. ఒక వస్తువును చూసిన రోజు, దాని అర్థం తెలిసిన రోజు రెండూ ఒకటి కావు. రెంటికీ వేర్వేరు చీటీలు కావాలి.

ఎత్తి రాసుకున్నదాన్ని నమ్మినదిగా లెక్కవేయడం ఇంకొకటి. మనం నచ్చనివి కూడా ఎత్తి రాసుకుంటాం, కోపంతో రాసుకుంటాం. పక్కన సొంత మాట ఏదైనా ఉందా అని చూడండి. లేకపోతే ‘చదివారు’ అనే వరకే చెప్పగలం.

ఎన్నిసార్లు రాస్తే అంత ముఖ్యమనుకోవడం కూడా పొరపాటే. చాలామంది కష్టంలో ఎక్కువ రాస్తారు, కుదురుగా ఉన్నప్పుడు తక్కువ రాస్తారు. ఒక ఆలోచన పూర్తిగా నమ్మకంగా మారాక డైరీలోంచి మాయమవుతుంది, ఇక రాసుకోవలసిన అవసరం ఉండదు కాబట్టి.

ఫలితం సరైనదో కాదో చూసుకోవడం

కథనంలో అతి ముఖ్యమైన చీటీ ఒకటి తీసేసి చదవండి. కథ మొత్తం కూలిపోతే, ఆ ఒక్క చీటీ తేదీ, పాఠం మళ్లీ అసలు పుటతో సరిచూడండి. ప్రతి ముఖ్యమైన రాతకూ ముందు, వెనక కొన్ని పుటలు మళ్లీ చదవండి. ఒంటరిగా తీసిన వాక్యం పక్క పుటలో వేళాకోళంగా తేలిన సందర్భాలు ఉంటాయి. మీ కథనానికి ఎదురు చెప్పే చీటీ కనీసం ఒక్కటి కోసం పనిగట్టుకుని వెతకండి. ఎక్కడా దొరక్కపోతే ఏరేటప్పుడే వదిలేశారేమో అనుమానించండి.

నేను అందరికీ గట్టిగా చెప్పే పరీక్ష మరొకటి ఉంది. అవే పుస్తకాల్లోంచి, మీరు ఒకప్పుడు నమ్మి తర్వాత వదిలేసిన ఆలోచన ఒకటి తీసుకొని దాని జాడ కూడా తీయండి. అదీ అంతే అందంగా, ‘చివరికి ఇలా పరిణమించింది’ అన్నట్టు వచ్చిందంటే, మీ పద్ధతి ఏ చీటీలనైనా కథగా అల్లేస్తోందన్నమాట. అప్పుడు ఏడో అడుగుకు వెళ్లి గీతలన్నీ మళ్లీ పరీక్షించండి.

వీలైతే చీటీలు కలిపేసి, మీ కథనం చదవని ఒకరికి ఇచ్చి వరుస పెట్టమనండి. తేదీలు కనబడకుండా మడవండి. వాళ్లు పెట్టిన వరుస మీదానికి భిన్నంగా ఉన్న చోట ఆగి మాట్లాడుకోండి.

ఇక మీదట రాసేటప్పుడు

ప్రతి రాతకూ సంవత్సరంతో సహా తేదీ వేయండి. తప్పనిపించినదాన్ని ఒక్క గీతతో కొట్టేయండి, కింద ఉన్నది చదవగలిగేలా. తర్వాత చేర్చిన వ్యాఖ్యకు ఆనాటి తేదీ వేయండి. మైకేల్ ఫారడే తన ప్రయోగాల డైరీలో 1832 నుంచి పేరాలకు వరుస నంబర్లు వేస్తూ పోయారు, ఆ నంబర్లు పదహారు వేలు దాటాయి. పాత ప్రయోగాన్ని ప్రస్తావించాలంటే నంబరు వేస్తే సరిపోయేది. మీరు పేరాలకు వేయలేకపోతే పుటలకైనా వేసి, చివరి రెండు పుటలు విషయసూచికకు వదలండి.

పుస్తకాలు మీవి కాకపోతే

తాతగారివో, అమ్మవో, చనిపోయిన గురువుగారివో అయితే పైన చెప్పినదంతా వర్తిస్తుంది, కవరు అడుగుతో సహా. కవరులో ‘వారి గురించి నేను ఏమనుకుంటున్నాను’ అన్నది రాయండి. పుట నంబర్లు కూడా పుస్తకం మీద వేయకుండా నకళ్ల మీద వేయండి. చిరుగులకు టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. రెండూ కాగితాన్ని తిరిగి బాగుచేయలేని స్థితికి తెస్తాయి. కట్టలు విప్పే ముందు, ఏ కాగితం దేని మీద ఉందో ఫొటో తీసుకోండి. ఆ వరుస కూడా ఆధారమే. బతికి ఉన్నవారి సంగతులు వాటిలో ఉంటే కథనాన్ని ఇతరులకు చూపే ముందు వారిని అడగండి, వద్దంటే ఆ భాగం వదిలేయండి. రాసినవారే బతికి ఉంటే వారి అనుమతి లేకుండా మొదటి పుట కూడా తెరవవద్దు. ఫొటోల ఫైలు పేర్లలో పుస్తకం నంబరు, పుట నంబరు రెండూ ఉంచి, ఒక నకలు ఇంట్లోని మరొకరి దగ్గర కూడా పెట్టండి.